తువ్వాల కింద చిటికెన వేలు

దస్తగిరి కుడిచెయ్యి గోతంలోకి దిగిందంటే మార్కెట్ యార్డులో ఉన్న వ్యాపారుల కళ్లన్నీ అతని ముఖం మీదికి వచ్చేవి. ముఖంలో వాళ్లకి ఏమీ దొరికేది కాదు. గుప్పెడు వేరుశనగ బుడ్డలు పైకి తీసి, ఒకటి రెండు చిట్లించి, లోపలి ఇత్తుల్ని బొటనవేలితో దొర్లించి, మళ్లీ గోతంలోకి వదిలేసేవాడు. సరుకు మేలిమిదైనా అదే ముఖం, పనికిరానిదైనా అదే ముఖం.

అసలు మాట జరిగేది ఎడమచేతిలో. ఆ చెయ్యి తువ్వాల కింద అతని సావుకారు నాగభూషణం అరచేతిలో ఉండేది. వేళ్లు పట్టుకుని బేరమాడడం ఆదోని యార్డులో పాత పద్ధతే. ఏ వేలికి ఎంతో అందరికీ తెలుసు. చిటికెన వేలి సంగతి మాత్రం వాళ్లిద్దరికే తెలుసు. దస్తగిరి చిటికెన వేలు వంగి సావుకారు అరచేతిని ఒక్కసారి నొక్కిందంటే, ఆ సరుకు లోపల బూజుందని.

అలాంటి సరుకుని నాగభూషణం వదిలేసేవాడు కాదు. ఒక లోపం తనొక్కడికే తెలిస్తే అదీ ఒక పెట్టుబడేనని అతని లెక్క. "రంగు తగ్గిందప్పా" అని రైతు దగ్గర నసిగి, తక్కువకి కొని, ఎరగని ఊళ్లో ఎరగని వ్యాపారికి పంపేసేవాడు. మంచి సరుకు తన మిల్లుకి వెళ్లేది. అందుకే అతని మిల్లు బుడ్డలంటే కళ్లు మూసుకుని కొనొచ్చని పేరు. ఆ పేరు పుట్టింది తువ్వాల కింద. అక్కడేం జరిగేదో ఇంట్లో భార్య సుభద్రకీ తెలియదు, కూతురు మేదినికీ తెలియదు.

కాలం మారింది. వానలు వేళాపాళా మరిచిపోయాయి. పంట పీకే రోజుల్లో కురిసి, విత్తే రోజుల్లో మొహం చాటేసేవి. ఆ తడిలోంచి కొత్త బూజొకటి పుట్టింది. కంటికి కనపడదు, వాసన ఉండదు. ఇత్తు వేలికింద కాస్త జారుతుంది, చెమటపట్టిన అరచెయ్యిలాగా. అంతే గుర్తు. పెద్దవాళ్లు తింటే వారం మంచాన పడతారు, పసివాళ్ల కాలేయం తట్టుకోదు. మిషన్లు గోతానికి చిటికెడు తీసి పరీక్షించి, తీరిగ్గా బాగుందనేవి. బూజు ఆ చిటికెడులో ఉండాలని ఎక్కడుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే నాగభూషణం జిల్లా బడులన్నిటికీ చిక్కీ సరఫరా చేసే పని దక్కించుకున్నాడు. ప్రతి గోతాన్నీ చేత్తో చూస్తామని చెప్పి దక్కించుకున్నాడు. ఆ చెయ్యి ఒక్కటే ఉంది. అది డెబ్బై దగ్గరపడిన మనిషిది, ఒకసారి గుండె ఆగి మళ్లీ కొట్టుకున్న మనిషిది. పంట వచ్చేలోగా అలాంటి చేతులు నలభై కావాలి. లేకపోతే పని పోతుంది, దాని మీద కట్టిన కొత్త మిల్లూ పోతుంది.

"నేర్పు దస్తగిరీ," అన్నాడు.

"నేర్పితే?"

"నేర్పితే పెద్ద మేస్త్రీవి. కుర్చీ, ఫ్యాను, కింద మనుషులు."

"కుర్చీలో కూచుంటే గోతంలోకి చెయ్యెట్ల పోతాది? పొడుగు చెయ్యి చేయిస్తావా?"

జీతం పెంచుతానన్నాడు. వినలేదు. మిల్లులో సభ పెట్టి, శాలువా కప్పి, పనివాళ్లందరి ముందూ పొగిడించాడు. దస్తగిరి ఆ శాలువాని మేకకి కప్పి ఫోటో తీయించి సావుకారుకి పంపించాడు. మిగతా పనివాళ్లూ తక్కువవాళ్లు కాదు. ఇంజను చూసేవాడు శబ్దంలో తేడా పక్కవాడికి చెప్పడు. పాకం పట్టే ఆవిడ తన చెల్లెలి ముందు తప్ప గిన్నె మూత తీయదు. ఎవరి గుట్టు వాళ్లకి అన్నం. నాగభూషణానికి వాళ్ల మీద కోపం రాలేదు, తనూ అలాగే బతికాడు గనుక.

"ఇందులో తప్పేముంది సావుకారీ," అన్నాడు దస్తగిరి ఒకరోజు టీ కొట్టు దగ్గర. "ఈ చెయ్యి నా దగ్గరుంటేనే నువ్వు నా టీకి డబ్బులిస్తావు. అందరి దగ్గరా ఉంటే నేనెవర్ని? సలాం కొట్టే ముసిలోడిని."

ఆ మాటలో నాగభూషణానికి దారి దొరికింది. ఇతనికి కావాల్సింది డబ్బు కాదు, తను ఎవరో ఒకరుగా ఉండడం.

"ప్రతి చిక్కీ పొట్లం మీదా నీ అరచెయ్యి అచ్చు వేయిస్తా," అన్నాడు. "కింద 'దస్తగిరి చెయ్యి' అని పేరు. నువ్వు పోయినా ఉంటాది. బడికి పోయే ప్రతి బిడ్డా నీ చెయ్యి చూసి తింటుంది."

దస్తగిరి టీ గ్లాసు దించాడు. తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"గీతలు కూడా పడల్లా," అన్నాడు. "ఉత్త బొమ్మ చెయ్యి వేస్తే ఒప్పుకోను."

* * *

మేదిని ప్రయోగశాల పాత నూనె మిల్లు పైఅంతస్తులో ఉండేది. ఇంకా గానుగ వాసన పోని ఆ గదిలో ఆమె ఏళ్ల తరబడి ఒక తువ్వాల నేసింది. నూలు మధ్య వెంట్రుక కంటే సన్నని వెండి తీగలు. ఒక కొస కింద ఇచ్చేవాళ్ల చేతులు, రెండో కొస కింద పుచ్చుకునేవాళ్ల చేతులు. ఇచ్చే చెయ్యి తన పని చేస్తుంటే దాని నరాల నడక తీగలెక్కి, పుచ్చుకునే చేతిలో దారి తొక్కుతుంది. పదేళ్లు చేస్తే గానీ పడని దారి నాలుగైదు కూర్చోవడాల్లో పడిపోతుంది.

"రెండు చేతులూ పెట్టు మామా," అంది మేదిని. "చేతులు జంటగా నేర్చుకుంటాయి. ఒకటే తీసుకుంటే కుంటిది అవుతుంది."

దస్తగిరి కుడిచెయ్యి గోతంలో పెట్టి ఊరుకున్నాడు. "సావుకారి చెయ్యి కావల్లా పాపా. అది లేకుంటే నా ఎడమచెయ్యి ఊరికే ఉంటాది, కుడిది పలకదు."

"ఇదేం శకునం మామా!"

"నీ మిషన్‌కి కరెంటెట్లనో, నాకిది అట్ల."

నాగభూషణం వచ్చి కూర్చున్నాడు. వెండి తీగల తువ్వాల కింద పాత చెయ్యి అతని అరచేతిలోకి వచ్చింది. గోతాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మేదిని కావాలని కలిపిన బూజు గోతం వచ్చినప్పుడు చిటికెన వేలు వంగి నొక్కింది. "పక్కన పెట్టండి," అన్నాడు నాగభూషణం. తెర మీద గీతలు ఎగసిపడ్డాయి. మేదిని చప్పట్లు కొట్టింది.

పుచ్చుకునే చేతుల్లో మొదటివి ఆమెవే. వేరెవరి మీదా పరీక్షించే ముందు తన మీదే చేసుకుంది. కూర్చోవడాలు పూర్తయ్యాక గోతాల ముందు కూర్చుంది. తండ్రి పక్కనే కూర్చుని, అలవాటుగా తువ్వాల కింద ఆమె ఎడమచెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్న చెయ్యే. రెండు గోతాలు మామూలుగా పోయాయి. మూడోదాంట్లో ఆమె ముఖం మారలేదు గానీ, చిటికెన వేలు వంగి అతని అరచేతిని నొక్కింది. అచ్చం ముసలాయన నొక్కినట్టే. నాగభూషణం ఆ గోతం చూపించాడు.

"పక్కన పెట్టు," అన్నాడు.

"అదే కదా చెప్పాను," అంది మేదిని, వెలిగిపోతూ.

"నువ్వెప్పుడు చెప్పావమ్మా?"

"ఇప్పుడే! చెవులు కూడా చూపించుకోవాలి నాన్నా నువ్వు."

అతను నవ్వేశాడు. ఆమె నోరు తెరవలేదని అతనికి తెలుసు. సంతోషంలో పిల్ల తికమకపడిందని అనుకున్నాడు. అంతకంటే ఎక్కువ అనుకోవడానికి అప్పుడు తీరిక లేదు.

మెట్లు దిగుతుంటే దస్తగిరి అతని మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"నా సగం ఇచ్చేసినా సావుకారీ. నీ సగం ఎవురికిస్తావు?"

"నా సగమేముంది?"

"నా వేలు మాట్లాడతాది. వినేది నీ అరచెయ్యి. అది కూడా పాపకి చెప్పల్లా గదా."

నాగభూషణం మెట్ల పైకి చూశాడు. చెప్పడం ఎంతసేపు? కానీ చెబితే మేదిని ఊరుకోదు. వేలు నొక్కిన సరుకంతా ఇన్నేళ్లూ ఎక్కడికి పోయిందని అడుగుతుంది. జవాబు చెప్పాక ఆ పిల్ల కళ్లలో తను ఎంతకి పడిపోతాడో అతను క్షణంలో లెక్క కట్టేశాడు.

"ఆ నలభై మందికీ నోళ్లున్నాయి. ఒక్కొక్కరి పక్కనా ఎర్రతాడుంది. బూజు తగిలితే లాగుతారు," అన్నాడు. "మన గొడవ మనతోనే పోనీ."

దస్తగిరి భుజాలెగరేసి దిగిపోయాడు. అచ్చులో గీతలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవాలి అతను.

* * *

పంట వచ్చింది. గోతాల్ని మోసుకొచ్చే బెల్టు పట్టా వెంట, మేదిని తువ్వాల కింద నేర్చుకున్న నలభై మంది కూర్చున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లలో ఈరమ్మ చలాకీది. నిన్నటిదాకా కంది చేలల్లో కలుపు తీసిన చెయ్యి ఇవాళ దస్తగిరి చెయ్యిలా గోతంలోకి దిగి, దొర్లించి, వదులుతుంటే తనే పడిపడి నవ్వేది.

"ఓ దస్తగిరి తాతా! రాత్రి నా మొగుడు చెయ్యి పట్టుకుని, ఏందే ఇది ముసిలోడి చెయ్యిలా ఉంది అన్యాడు."

"మీసం రాకుండా చూసుకో," అన్నాడు దస్తగిరి. అందరూ విరగబడి నవ్వారు.

వాళ్లకి పెట్టిన ఆఖరి పరీక్షలోనూ నాగభూషణమే ఒక్కొక్కరి పక్కనా కూర్చుని ఎడమచెయ్యి పట్టుకున్నాడు. కొబ్బరికాయ కొట్టి, మంచి జరగాలని అలా చేశాడని అందరూ అనుకున్నారు. తనూ అలాగే అనుకున్నాడు. వేలు నొక్కినప్పుడల్లా గోతాన్ని అతనే పక్కన పెట్టించాడు. నలభై మందీ నెగ్గారు. మర్నాటి నుంచి ఆఫీసుగదిలో కూర్చున్నాడు. పట్టా నడిచింది. ఎర్రతాళ్లు కదల్లేదు.

"ఒక్క గోతం కూడా ఆగలేదంటే పంట ఎంత బాగుందో," అన్నాడు ఇంట్లో బొరుగుల ఉగ్గాని తింటూ.

సుభద్ర ఇంకో బజ్జీ వేసింది. "వానలు అన్నేసి పడ్డాయి కదా?"

"పడితే?"

"ఏం లేదు. మా అన్న పొలంలో సగం పారేసినాడు. అందుకని అడిగినా."

నాగభూషణం బజ్జీ తుంచి నోట్లో వేసుకున్నాడు. మనసులో ఏదో చిన్నది కదిలింది. చిక్కీ లారీలు అప్పటికే బడుల దారి పట్టాయి. కదిలినదాన్ని అతను మెల్లగా వదిలేశాడు.

* * *

కబురు ముందు కొండ కింద పల్లెల నుంచి వచ్చింది. తర్వాత ఊళ్ల నుంచి. బడి నుంచి వచ్చిన పిల్లలు కళ్లు పచ్చబడి పడుకుని లేవడం లేదు. ఆసుపత్రి వరండాలు నిండాయి. ప్రతి తల్లి చేతిలోనూ ఒక పొట్లం. దాని మీద గీతలతో సహా ఒక అరచెయ్యి.

ఈరమ్మ కూతురు మూడోరోజు పోయింది. నాగభూషణం వెళ్లేటప్పటికి ఆమె ఆసుపత్రి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. తన ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"నేను చెప్పినా సావుకారీ," అంది. "నాకు బాగా గుర్తుంది. మా పిల్ల బడికి పోయిన గోతం నా చేతి కిందికే వచ్చింది. జారింది. బూజుందని చెప్పినా. చెప్పి నిమ్మళంగా పక్క గోతం తీసుకున్నా." తలెత్తి చూసింది. "ఎవురికి చెప్పినానో మాత్రం గుర్తు రాల్యా."

అతను పక్కన కూర్చోలేకపోయాడు. నిలబడలేకపోయాడు.

మధ్యాహ్నం మేదిని మిల్లు తలుపులు వేయించి మిగతావాళ్లందర్నీ బల్లల ముందు కూర్చోబెట్టింది. ప్రతి గోతంలోనూ బూజు పట్టిన ఇత్తులు కలిపింది. చేతులకి తీగలు కట్టింది. చేతులు లోపలికి దిగాయి. ముఖాలు మారలేదు. తాళ్లు కదల్లేదు. కానీ ఒక్కొక్కరి ఎడమచేతి చిటికెన వేలు వంగి, కింద ఉన్న చెక్కబల్లని నొక్కింది. ఒకటి, పక్కన ఇంకోటి, ఆ పక్కన ఇంకోటి. బల్ల పొడుగునా వేళ్లు చెక్కని నొక్కాయి. నొక్కి, పని అయిపోయినట్టు తేలిగ్గా విప్పుకున్నాయి.

"బూజుందా?" అనడిగింది మేదిని.

"ఉంది కదమ్మా, చెప్పినాం కదా," అన్నారు.

ఆమె తండ్రి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "చేతులకి తెలుస్తోంది నాన్నా! తెలుస్తోంది, చెప్పామనీ అనుకుంటున్నారు. ఆ వేలు దేన్నో వెతుకుతోంది. నొక్కగానే మెదడు చెప్పేశానని సర్దుకుంటోంది. నాకూ అంతే అయిందేమో! ఇది మామ అలవాటా? నీకేమైనా తెలుసా?"

నాగభూషణానికి అంతా తెలుసు. నలభై నోళ్లు ఒకే అరచేతిలోకి మాట్లాడాయి. ఆ అరచెయ్యి ఆఫీసుగదిలో కూర్చుని టీ తాగింది. వెతుకుతున్న వేళ్లన్నీ తననే వెతుకుతున్నాయి.

ఇప్పుడు చెబితే ఏం మిగులుతుంది? వేలి కథ చెబితే పాత సరుకుల కథ బయటికొస్తుంది. ఎరగని ఊళ్లలో ఎవరు తిన్నారో, ఎవరు పోయారో ఇన్నేళ్లుగా ఎవరూ చూడని ఖాతా అది. మిల్లు పోతుంది, తను జైలుకి పోతాడు. అన్నిటికంటే ముందు ఎదురుగా నిలబడిన ఈ పిల్ల పోతుంది. చెప్పకపోతే? పోయిన పిల్లలు ఎలాగూ తిరిగి రారు. ఆ లెక్క వేసుకుంటున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా వేశాడు. వేయడం ఆపడం అతనికి చేతకాదు.

"ముసలాడి నరాల వణుకమ్మా అది," అన్నాడు. "గుండె జబ్బు తర్వాత వచ్చింది. ఎప్పుడూ దాచేవాడు. అదీ కలిసి వచ్చేసినట్టుంది."

మేదిని కూలబడింది. "దాచాడా? అడిగాను కదా నాన్నా, అన్నీ అడిగాను కదా."

"ఎవరి గుట్టు వాళ్లకి అన్నం తల్లీ."

ఆమె ఏడుస్తూనే అధికారులకి నివేదిక రాసింది. ఇచ్చినవాడు జబ్బు దాచాడని రాసింది.

పొట్లం మీద పేరు ఎలాగూ ఉంది. సాయంత్రానికి జనం దస్తగిరి ఇంటికి చేరారు. తలుపు మీద పొట్లాలు అంటించి, ఆ అచ్చు మీద పేడ కొట్టారు. అతన్ని బయటికి లాగి, కుడిచేతిని గడప మీద పెట్టి రాయితో కొట్టారు. పోలీసులు వచ్చేటప్పటికి గీతలు ఎక్కడున్నాయో తెలియని స్థితిలో ఉంది ఆ చెయ్యి.

* * *

విచారణ మిల్లు ఆవరణలోనే జరిగింది. అధికారిణి బల్ల వెనక కూర్చుంది. పనివాళ్లంతా ఒక పక్క, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు ఒక పక్క నిలబడ్డారు. ఈరమ్మకి ఏ పక్క నిలబడాలో తెలియక మధ్యలో కూర్చుంది.

నాగభూషణం వాంగ్మూలం సాఫీగా సాగింది. తను నమ్మాడు, మోసపోయాడు, బాధిత కుటుంబాలకి ఏం చేయమన్నా చేస్తాడు. గొంతు ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గింది.

"మీరేమైనా చెప్పాలా?" అని అధికారిణి దస్తగిరిని అడిగింది.

అతని కుడిచెయ్యి మోచేతిదాకా కట్టుతో మెడకి వేలాడుతోంది. 

"చెప్పాల్సింది చెప్పేందుకు నాకు సావుకారి చెయ్యి కావల్లమ్మా," అన్నాడు.

జనంలో గొణుగుడు లేచింది. అధికారిణి అర్థంకాక తల ఊపింది. దస్తగిరి నడిచి వచ్చాడు. నాగభూషణం భుజం మీది తువ్వాల తనే తీసి, ఇద్దరి చేతుల మీదా కప్పాడు. మిగిలిన ఎడమచెయ్యి అరచేతిలోకి వచ్చింది. చల్లగా, తేలిగ్గా ఉంది. చిటికెన వేలు వంగింది. నొక్కింది. ఎప్పటికంటే కాస్త ఎక్కువసేపు.

తర్వాత తువ్వాల తీసి, మడిచి, సావుకారు భుజం మీదే వేసి, వెనక్కి వెళ్లి తన చోట నిలబడ్డాడు.

"ఏం చెప్పాడు?" అంది అధికారిణి.

"ఏం లేదు," అన్నాడు నాగభూషణం. అతని ముఖంలో ఎవరికీ ఏమీ దొరకలేదు. "పాత అలవాటు. సెలవు తీసుకున్నాడు."

మేదిని వచ్చి తండ్రి పక్కన నిలబడింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయాయి. అతను పడిపోతాడని భయపడినట్టుంది, కుడిచేత్తో ముంజెయ్యి పట్టుకుని, ఎడమచేతిని అతని అరచేతిలో పెట్టింది. అతని ఒళ్లంతా చెమట. ఆమె కుడి బొటనవేలు ఆ తడి మీద ఒకసారి జారింది.



ఆమె ముఖం మారలేదు. అధికారిణివైపే చూస్తోంది. కింద, అతని అరచేతిలో, కూతురి చిటికెన వేలు మెల్లగా వంగి ఒక్కసారి నొక్కింది. నొక్కి, చెప్పేసినట్టు తేలిగ్గా విప్పుకుంది.